గుర్రం ఎక్కడానికి ఇన్ని నియమాలెందుకు?

పెళ్ళికొడుకు పల్లకీలో రావడం ఎప్పుడో పోయింది, పూలు కట్టిన కారులో రావడం పాతబడింది. ఇప్పుడు గోదావరి జిల్లాల ఊరేగింపుల్లో గుర్రమెక్కి వచ్చే పెళ్ళికొడుకులు కనిపిస్తున్నారు. సముద్రపు ఒడ్డుకు సరదాగా వెళ్ళిన అమ్మానాన్నలు పిల్లల్ని గుర్రం మీద కూర్చోబెట్టి ఫొటోలు తీస్తుంటారు. ఇక ఒంటికి మంచిదనో, సరదా పడో స్వారీ నేర్చుకోవాలనుకునే కుర్రాళ్ళు వేరే.

వీళ్ళలో ఎవరైనా ఫోన్ తీసి వెతికితే పెద్ద చిట్టా వస్తుంది. హెల్మెట్ తప్పదు. బూటుకు మడమ ఉండాలి. ఎడమవైపు నుంచే ఎక్కాలి. వెనకనుంచి దగ్గరికి వెళ్ళకూడదు. తోకకు ఎర్ర రిబ్బను ఉంటే దూరం జరగాలి. ఆ చిట్టా చూపించి గుర్రం ఆసామిని అడిగితే, "ఆయ్, అవన్నీ మనకెందుకండీ, బంగారంలాంటి గుర్రం, పసిపిల్లాడెక్కినా ఏమనదు, మీరేం టెన్షన్ పడకండి" అంటాడు. ఎవరి మాట వినాలి? ఇవి దొరలు తమ ఆటకు పెట్టుకున్న ఫ్యాషన్లా, ప్రాణం కాపాడే సంగతులా?

రెండూ కలగలిసి ఉన్నాయి. కొన్ని ఉత్త ఆనవాయితీలు. చాలావాటికి మాత్రం గట్టి కారణముంది, ఆ కారణం గుర్రం పుట్టుకలోనే ఉంది. అది తెలిస్తే ఏ నియమాన్ని వదలకూడదో, దేన్ని మన ఊరికి తగ్గట్టు మార్చుకోవచ్చో తేల్చుకోవడం కష్టం కాదు.

## గుర్రం కంటికి మన ఊరు ఎలా కనిపిస్తుంది

గుర్రం వేటాడే జంతువు కాదు, వేటకు బలయ్యే జంతువు. కొమ్ముల్లేవు, కోరల్లేవు. పొదలో ఏదో కదిలిందన్న అనుమానం రాగానే ముందు పరుగెత్తి, ఆ తరవాత వెనక్కి తిరిగి చూసినవే బతికి బట్టకట్టాయి. ఎన్ని వేల ఏళ్ళు మనిషి దగ్గర పెరిగినా ఆ స్వభావం పోలేదు. మంచి శిక్షణ ఉన్న గుర్రం తక్కువసార్లు బెదురుతుంది, బెదిరినా త్వరగా తేరుకుంటుంది. అసలు బెదరని గుర్రం మాత్రం ఎక్కడా ఉండదు, ఆసామి చెప్పిన ఆ బంగారంతో సహా.

దాని కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి. తల తిప్పకుండానే దాదాపు 350 డిగ్రీల మేర చూస్తుంది. కనబడనివి రెండే చోట్లు: సరిగ్గా తోక వెనక, సరిగ్గా నుదుటి ముందునుంచి మూతి కింద దాకా. వెనకనుంచి చప్పుడు లేకుండా వచ్చి పిర్ర మీద చెయ్యి వేస్తే, వచ్చింది మనిషో మృగమో తేల్చుకునే తీరిక దానికి ఉండదు, కాలు విసురుతుంది. నాలుగైదు వందల కిలోల జంతువు విసిరే కాలది. అందుకే మాట్లాడుతూ, భుజం వైపునుంచి రమ్మంటారు. మూతి కింద ఏముందో కనబడదు కాబట్టే తినిపించేటప్పుడు అరచెయ్యి చాపి పట్టమంటారు. వేళ్ళు ముడిచి అందిస్తే, గుగ్గిళ్ళేవో వేళ్ళేవో పెదాలకు తెలిసేలోపే పళ్ళు పడతాయి.

వెలుతురులోంచి చీకట్లోకి వచ్చినప్పుడు గుర్రం కన్ను సర్దుకోవడానికి మనకంటే ఎక్కువ సేపు పడుతుంది. మిట్ట ఎండలో చేల మధ్య నడిచి కొబ్బరితోట నీడ దగ్గరికి రాగానే మొరాయించిందంటే అది పొగరు కాదు. ఎదర ఏముందో కనబడక ఆగింది. చెవులైతే మరీ చురుకు. మనిషికి 20 వేల హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు) దాకా వినిపిస్తే గుర్రానికి 33 వేల హెర్ట్జ్ దాకా వినిపిస్తుంది. ఆ చెవులు ముందుకు నిలిచి ఉంటే దేన్నో గమనిస్తున్నట్టు. మెడకు అంటుకుపోయేలా వెనక్కి వాలిస్తే కోపం మీద ఉన్నట్టు.

ఇప్పుడు డెల్టాలో ఒక మామూలు దారిని ఈ కళ్ళతో చూడండి. రొయ్యల చెరువు మీద పిట్టలు వాలకుండా కట్టిన మెరుపు రిబ్బన్లు గాలికి రెపరెపలాడుతుంటాయి. ఉన్నట్టుండి ఏరేటర్లు తిరగడం మొదలెట్టి నీళ్ళు చిమ్ముతాయి. కొబ్బరి మట్ట దబ్బున రాలుతుంది. బాతుల మంద కాలువలోంచి గోలగా గట్టెక్కుతుంది. మనకు రోజూ ఉండేవే కాబట్టి తల కూడా తిప్పం. వీటిని చూసి పెరగని గుర్రం మాత్రం పక్కకు గెంతుతుంది. ముందుకు దూకితే రౌతు ఎలాగో నిలదొక్కుకుంటాడు. పక్కకు గెంతినప్పుడు గుర్రం కిందనుంచి తప్పుకుంటుంది, రౌతు ఉన్నచోటే గాల్లో మిగిలిపోతాడు.

## ఎనిమిది అడుగుల ఎత్తు లెక్క

గుర్రం ఎత్తును మెడ మొదట్లో మూపు దగ్గర కొలుస్తారు. కొలతను హ్యాండ్ అంటారు, ఒక హ్యాండ్ నాలుగంగుళాలు. 15 హ్యాండ్ల గుర్రమంటే మూపు దగ్గర అరవై అంగుళాలు, అంటే ఐదడుగులు. దానిమీద జీను, జీను మీద మనిషి మొండెం, పైన తల. అన్నీ కలిపితే రౌతు తల నేలకు ఎనిమిది అడుగుల దగ్గర, సుమారు 2.4 మీటర్ల ఎత్తులో ఉంటుంది.

అక్కణ్ణుంచి ఊరికే జారి పడ్డా నేలను తాకేసరికి వేగం గంటకు 25 కిలోమీటర్ల దగ్గరికి వస్తుంది. పట్టే సమయం ముప్పావు సెకను కూడా కాదు, చెయ్యి అడ్డం పెట్టుకునే వ్యవధి ఉండదు. ఇది గుర్రం కదలకుండా నిలబడి ఉన్నప్పటి లెక్క. నడకలో గంటకు 6 కిలోమీటర్లు, ట్రాట్ అనే చిన్న పరుగులో 13, కాంటర్ అనే మధ్యరకం దౌడులో 20 పైన, గ్యాలప్ అనే పూర్తి దౌడులో 40 దాటి ఉండే గుర్రం వేగం దీనికి తోడవుతుంది. "మెల్లగా నడిపించుకుంటూ వెళతాం కదా, హెల్మెట్ ఎందుకు" అనే మాట ఇక్కడే వీగిపోతుంది. ఎత్తు ఒక్కటే చాలు.

మరి ఇంట్లో ఉన్న బైకు హెల్మెట్ సరిపోదా? ఐఎస్ఐ గుర్తు ఉన్న బైకు హెల్మెట్ గట్టిదే. కానీ బరువెక్కువ, చెవులు మూసేస్తుంది, గడ్డం దగ్గర అడ్డంగా ఉండి కిందికి చూడనివ్వదు. స్వారీ హెల్మెట్‌ను పరీక్షించేటప్పుడు చదును నేల మీద పడే దెబ్బతో పాటు డెక్క అంచులాంటి కోసుగా ఉన్న లోహపు దిమ్మ మీద పడే దెబ్బను కూడా చూస్తారు. యూరప్ ఈఎన్ 1384, అమెరికా ఏఎస్‌టీఎం ఎఫ్1163, బ్రిటన్ పాస్ 015 అన్న గుర్తులు ఆ పరీక్షలవే. సైకిల్ హెల్మెట్ ఈ దెబ్బల కోసం చేసింది కాదు, తల వెనక భాగాన్ని అంత కిందిదాకా కప్పదు కూడా. ఏదీ లేనప్పుడు ఏదో ఒకటి నయమే, కాకపోతే రోజూ స్వారీ చేసేవాళ్ళకు అది సాకు కాకూడదు. హెల్మెట్ లోపలి నురుగు ఒక్క గట్టి దెబ్బకే పని అయిపోయేలా చేసినది. పైకి సొట్ట లేకపోయినా గట్టిగా పడ్డాక మార్చాల్సిందే. ఎండలో నిలిపిన కారులో వదిలేసినా అది పాడవుతుంది.

తలపాగాలతో తరతరాలు స్వారీ చెయ్యలేదా అని అడిగేవాళ్ళున్నారు. చేశారు, నిజమే. గుర్రంతో లయగా అడుగులు వేయించే డ్రెస్సాజ్ అనే పోటీలో దొరలు కూడా చాలాకాలం పొడవాటి టోపీలే పెట్టుకున్నారు. అంతర్జాతీయ గుర్రపుస్వారీ సమాఖ్య 2021 జనవరి నుంచి ఆ టోపీలకు స్వస్తి చెప్పి హెల్మెట్‌ను తప్పనిసరి చేసింది. 2023లో హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో మన జట్టు డ్రెస్సాజ్ స్వర్ణం గెలిచినప్పుడు పెట్టుకున్నవీ హెల్మెట్లే. ఆ స్థాయి రౌతులకే అవసరమైతే మొదటిసారి ఎక్కేవాడి సంగతి చెప్పక్కర్లేదు.

అలాగని హెల్మెట్ ఉంటే ఏమీ కాదనుకోవడమూ పొరపాటే. సూపర్‌మ్యాన్‌గా నటించిన క్రిస్టఫర్ రీవ్ 1995లో పోటీలో గుర్రం మీంచి తలకిందులుగా పడినప్పుడు హెల్మెట్ పెట్టుకునే ఉన్నాడు. మెడ ఎముకలు విరిగి మిగతా జీవితం చక్రాల కుర్చీలో గడిపాడు. హెల్మెట్ పుర్రెను కాస్తుంది, మెడను కాయదు. దుమికించే పోటీల్లో ఛాతీకి, వెన్నుకు వేరే దళసరి జాకెట్లు వాడతారు. మన ఉక్కపోతలో నెమ్మది నడకకు అవి అంత అవసరమా అంటే నిపుణుల్లోనే ఒక్క మాట లేదు.

## రికాబులో ఇరుక్కున్న కాలు

పడటం కంటే ఘోరమైనది ఒకటుంది: పడీ పడకుండా వేలాడటం. జీనుకు రెండు పక్కలా తోలు పట్టీలకు వేలాడే ఇనుప కడియాల్లాంటివి రికాబులు. పాదం ముందుభాగం మాత్రమే వాటి మీద ఆనాలి. మడమ లేని చెప్పో, మెత్తటి బూటో వేసుకుంటే పాదం ముందుకు జారి చీలమండ దాకా దూరిపోతుంది. అప్పుడు పడితే కాలు బయటికి రాదు. బెదిరిన గుర్రం తన పక్కన వేలాడుతున్నదేమిటో తెలియక ఇంకా బెదురుతుంది, ఇంకా పరుగెడుతుంది, రౌతు దాని వెనక కాళ్ళ పక్కన ఈడ్చుకుపోతాడు.

బూటుకు అంగుళం మడమ ఉండాలనడం దీనికే. ఆ మడమ రికాబుకు అడ్డుపడి పాదాన్ని ఆపుతుంది. అడుగు నున్నగా ఉంటే మంచిది. లోతైన గీతలున్న స్పోర్ట్స్ షూ అడుగు రికాబును పట్టేసుకుంటుంది. రికాబు వెడల్పు బూటు కంటే సుమారు ఒక అంగుళం ఎక్కువ ఉండాలి. మరీ ఇరుకైతే పాదం పట్టేస్తుంది, మరీ వదులైతే పాదమంతా దూరిపోతుంది. కొన్ని రికాబులకు బయటివైపు ఇనుముకు బదులు దళసరి రబ్బరు పట్టీ ఉంటుంది, పడినప్పుడు అది ఊడి కాలును వదిలేస్తుంది. పిల్లలకు ఇవి మంచివి.

బీచ్ గుర్రాల దగ్గర ఒకసారి పిల్లల కాళ్ళ వైపు చూడండి. పెద్దవాళ్ళ కొలతకు వదిలిన రికాబులు పిల్లాడికి అందవు. కాళ్ళు ఊగుతున్నాయని ఎవరో ఒకరు ఆ పాదాలను రికాబుకు పైన ఉన్న తోలు పట్టీల సందులో దూరుస్తారు. పిల్లాడికి ఊతం దొరుకుతుంది, ఫొటో బాగా వస్తుంది. కానీ పడితే ఆ తోలు చీలమండ చుట్టూ ఉచ్చులా బిగుసుకుంటుంది. కాళ్ళు ఊరికే వేలాడుతూ, పక్కన పెద్దవాళ్ళు పిల్లాడి నడుము పట్టుకుని నడవడం దానికంటే వెయ్యి రెట్లు నయం.

ఇలాంటిదే ఇంకొకటి తాడు దగ్గర ఉంది. ఆవును, గేదెను తోలుకెళ్ళేటప్పుడు పలుపును రెండు చుట్లు చేతికి చుట్టుకోవడం కొందరికి చిన్ననాటి అలవాటు. గుర్రం దగ్గర అది వేళ్ళకే ముప్పు. ఉలిక్కిపడి తల ఎగరేస్తే చుట్టు బిగుసుకుంటుంది, విడిపించుకునేలోపు మనిషిని లాక్కుపోతుంది. మిగిలిన తాడును మడతలుగా మడిచి గుప్పిట్లో పట్టుకుంటే వదలాలనుకున్నప్పుడు వదిలిపోతుంది.

## బట్టల్లో ఫ్యాషన్ ఎంత, పని ఎంత

బిగుతు ప్యాంట్లను దొరల వేషమనుకుంటాం గానీ జోధ్‌పురి ప్యాంట్లు మన రాజస్థాన్‌వి. 1897లో విక్టోరియా రాణి వజ్రోత్సవాలకు జోధ్‌పూర్ నుంచి వెళ్ళిన సర్ ప్రతాప్‌సింగ్ బృందం వాటిని ఇంగ్లండ్‌కు పరిచయం చేసింది. తొడల లోపలివైపు దళసరి కుట్టు లేకపోవడం వాటి ప్రత్యేకత. జీన్స్‌లో సరిగ్గా అక్కడే లావు కుట్టు ఉంటుంది, కాసేపటికే చర్మం ఒరుసుకుపోతుంది. ఖరీదైనవి కొనక్కర్లేదు. కాలికి అతుక్కుని, సాగే గుణమున్న మామూలు ప్యాంటు ఏదైనా పనిచేస్తుంది.

ఎగిరేది, వేలాడేది, చిక్కుకునేది ఏదైనా ఇబ్బందే. చున్నీ జీనుకు తగులుకుంటే మెడకు బిగుస్తుంది. షేర్వాణీ మీద వేసే పొడవాటి కండువా గాలికి గుర్రం కంటి పక్కన ఆడుతుంది. చీరకట్టుతో ఒకవైపే రెండు కాళ్ళు వేసి, స్కూటర్ మీద కూర్చున్నట్టు కూర్చోవడం చూడటానికి తేలికే. పాతకాలపు యూరప్ స్త్రీలు అలాగే స్వారీ చేశారు కదా అంటారు. వాళ్ళ జీను వేరు. కాళ్ళను పట్టి ఉంచడానికి దానికి ప్రత్యేకంగా కొమ్ములుంటాయి. మామూలు జీను మీద అలా కూర్చుంటే పట్టు అనేదే ఉండదు, గుర్రం ఒక్క అడుగు ముందుకేస్తే వెనక్కి పడతారు.

## ఎడమవైపే ఎందుకు, జీను ఎందుకు తిరుగుతుంది

ఎడమనుంచి ఎక్కడం కత్తుల కాలంనాటి ఆచారమని చెబుతారు. కుడిచేతి వాటం సైనికుడికి కత్తి ఎడమ తొడ పక్కన వేలాడుతుంది. కుడివైపునుంచి ఎక్కితే అది కాళ్ళకు అడ్డం పడుతుంది. ఇప్పుడు కత్తి లేదు. అయినా చాలా గుర్రాలకు ఎడమవైపు మనుషులే అలవాటు కాబట్టి, తెలియని గుర్రాన్ని కుడివైపునుంచి ఎక్కబోతే బెదరవచ్చు.

ఇక్కడ రెండు వాదాలున్నాయి. ఎప్పుడూ ఒకవైపే ఎక్కితే దాని వెన్ను ఒకపక్కకే లాగబడుతుందనీ, రెండు వైపులా అలవాటు చెయ్యాలనీ ఇప్పటి శిక్షకులు కొందరంటారు. పాతకాలం వాళ్ళు ఆనవాయితీ ఒకటే ఉంటే గందరగోళం ఉండదంటారు. నాకైతే డెల్టాలో మొదటివాళ్ళ మాటే సబబనిపిస్తుంది. కాలువ గట్టు మీద ఎడమపక్క నీళ్ళుంటే దిగడానికి కుడిపక్కే గతి. దాన్ని గుర్రానికి అప్పటికప్పుడు నేర్పలేం. నేలమీంచి వేలాడి ఎక్కేకంటే ఎత్తు పీట మీంచి, అరుగు మీంచి ఎక్కితే గుర్రం వెన్నుకు శ్రమ తగ్గుతుందన్న దాంట్లో మాత్రం ఎవరికీ పేచీ లేదు.

ఎక్కేటప్పుడు జరిగే ప్రమాదాల్లో జీను తిరగడం ఒకటి. జీనును పొట్ట కిందుగా ఒక పట్టీ బిగించి నిలుపుతారు, క్లబ్బుల్లో దాన్ని గర్త్ అంటారు. బిగిస్తున్నప్పుడు చాలా గుర్రాలు ఊపిరి పీల్చి ఒళ్ళు బిగబడతాయి. పట్టీ గట్టిగానే ఉన్నట్టు కనిపిస్తుంది. నాలుగడుగులు నడిచి ఊపిరి వదిలాక అదే పట్టీ ఒకటి రెండు రంధ్రాల మేర వదులవుతుంది. అప్పుడు రౌతు ఎడమ రికాబులో కాలు పెట్టి బరువంతా వెయ్యగానే జీను గుర్రం పొట్ట పక్కకు జారిపోతుంది, మనిషి దాని కాళ్ళ మధ్య పడతాడు. అనుభవమున్నవాళ్ళు జీను వేశాక ఒకసారి, కాస్త నడిపించి ఒకసారి, ఎక్కాక మరోసారి పట్టీ కింద వేళ్ళు దూర్చి చూసుకుంటారు. చూసేవాళ్ళకు చాదస్తంలా ఉంటుంది.

## పెళ్ళి గుర్రం మోసే బరువు

గుర్రం తన బరువులో అయిదోవంతు, అంటే 20 శాతం మొయ్యగలదన్నది స్వారీలో విస్తృతంగా పాటించే అంచనా. అందులో జీను కూడా కలిపే లెక్క. ఒహాయో స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు 2008లో ప్రచురించిన పరిశీలనలో ఎనిమిది గుర్రాల మీద 15, 20, 25, 30 శాతం బరువులు వేసి చూశారు. 25 శాతం నుంచి కండరాల నొప్పి, గుండె వేగం స్పష్టంగా పెరిగాయి.

మన ఊరేగింపుకు ఈ లెక్క వేద్దాం. గుర్రం బరువు 350 కిలోలు అనుకుంటే అయిదోవంతు 70 కిలోలు. పెళ్ళికొడుకు 75, జీను, జరీ అలంకారం కలిపి 12, ముందు కూర్చోబెట్టిన తోడుపెళ్ళికొడుకు 20. మొత్తం 107 కిలోలు, అంటే 30 శాతం దాటింది. పిల్లాణ్ణి దింపేసినా 87 కిలోలు, 25 శాతం దగ్గర. ఊరేగింపులో చాలాసేపు నిలబడే ఉంటుంది కదా, పరుగు లేదు కదా అని ఆసాములు అంటారు, అందులో కొంత నిజముంది. అయితే వీపు మీద బరువు పెట్టుకుని డీజే పక్కన నిలబడటం విశ్రాంతి కిందికి రాదు.

చట్టం ఏమంటుంది? 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలోని 11వ సెక్షన్ ప్రకారం జంతువును కొట్టడం, అతిగా స్వారీ చెయ్యడం, అతిగా బరువు వెయ్యడం నేరాలు. మొదటి తప్పుకు జరిమానా పది రూపాయలనుంచి యాభై దాకా, నవ్వు తెప్పించే మొత్తం. 1965 నాటి నియమాలు బండి లాగే, సరుకు మోసే జంతువులకు సంబంధించినవి. తట్టువ గుర్రానికి 70 కిలోలకు మించి సరుకు వెయ్యకూడదనీ, రోజుకు తొమ్మిది గంటలకు మించి పని చేయించకూడదనీ, వేడి 37 డిగ్రీలు దాటిన చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా వాడకూడదనీ, ముళ్ళున్న కళ్ళెం వెయ్యకూడదనీ వాటిలో ఉంది. స్వారీ గుర్రానికి సూటిగా వర్తించినా లేకపోయినా కొలబద్దగా పనికొస్తాయి.

పెళ్ళిళ్ళలో గుర్రాన్ని పూర్తిగా మానెయ్యాలని జంతుప్రేమికుల వాదన. బాణాసంచా, బ్యాండు, లైట్లు, జనం, అన్నీ దానికి పడనివే. మానేస్తే ఆ గుర్రాన్ని ఎవరు మేపుతారన్నది ఆసాముల ప్రశ్న. ఉలవలు, పచ్చిగడ్డి, లాడాల ఖర్చు ఏడాది పొడుగునా ఉంటుంది, కిరాయి పెళ్ళి ముహూర్తాలప్పుడే. రెండు మాటల్లోనూ న్యాయముంది. ఒక్కటి మాత్రం ఖర్చు లేకుండా కుదురుతుంది: పెళ్ళికొడుకు దిగేదాకా టపాసులు ఆపడం. తలపాగా తీసి హెల్మెట్ పెట్టుకునే పెళ్ళికొడుకు దొరకడు. కాబట్టి ముప్పును తగ్గించే దారి గుర్రం చెవుల వైపునుంచే, దానితోపాటు చెరోవైపు తెలిసిన మనిషి పట్టుకుని నడవడం.

వేడి సంగతీ చూడాలి. ఫారెన్‌హైట్‌లో ఉష్ణోగ్రత, గాలిలో తేమ శాతం కలిపి 150 దాటితే జాగ్రత్త, 180 దాటితే స్వారీ వద్దు అని ఒక పాత లెక్క ప్రచారంలో ఉంది. వేసవి సాయంత్రం 35 డిగ్రీల సెల్సియస్, 70 శాతం తేమ అనుకుంటే 95, 70 కలిపి 165. తెల్లవారుజామున 28 డిగ్రీలే గానీ తేమ 85 శాతం ఉంటే 82, 85 కలిపి 167! చల్లపూట అనుకున్నదే ఎక్కువ తేలింది. ఈ లెక్క ఎండ తీవ్రతను, గాలిని పట్టించుకోదు. దాన్ని నమ్మితే ఇక్కడ ఏడాదిలో ఎన్నో రోజులు గుర్రాన్ని బయటికే తియ్యలేం. తేమలో చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు, అన్నంతవరకు దాన్ని గుర్తుంచుకుంటే చాలు. ఉక్క ప్రాంతాల్లో కొన్ని గుర్రాలకు చెమట పట్టడమే ఆగిపోయే జబ్బు వస్తుంది. అందరి గుర్రాలూ తడిసి ముద్దయి, ఒకటి మాత్రం పొడిగా ఉండి రొప్పుతుంటే మెచ్చుకోవాల్సిన పని లేదు, నీడకు తీసుకెళ్ళి నీళ్ళు పొయ్యాలి.

## గట్టు, బురద, ఇసుక

ఒండ్రు నేల వానలో సబ్బులా జారుతుంది. లోతు బురదలోంచి కాలు పీకేటప్పుడు గుర్రం కాలి స్నాయువులు, అంటే కండను ఎముకకు కట్టి ఉంచే తాళ్ళలాంటివి, సాగి దెబ్బతింటాయి. రోజుల తరబడి తడిలో నిలబడితే డెక్క అడుగు కుళ్ళి వాసన వస్తుంది. సముద్రపు ఒడ్డున అలలు తడిపిన గట్టి ఇసుక మంచి నేల. పొడి ఇసుకలో కొద్ది దూరానికే అలిసిపోతుంది. అంతర్వేది దగ్గర వశిష్ఠ సముద్రంలో కలిసినట్టు నదులు కలిసే చోట్ల పైకి గట్టిగా కనిపించే మేట లోపల బురదై ఉండొచ్చు. పోటు సమయాన్ని బట్టి నేల మారిపోతుంది. పీతల బొరియలు, ఇసుకలో సగం పూడిన వలతాళ్ళు అదనం. అక్కడి చేపల వేటగాళ్ళను ఒక మాట అడగడం కంటే మంచి ఉపాయం లేదు.

## మర్యాదలనబడేవి

గుంపుగా వెళ్ళేటప్పుడు ముందు గుర్రానికీ మన గుర్రానికీ మధ్య కనీసం ఒక గుర్రం పట్టేంత దూరం ఉంచుతారు. దగ్గరికి వెళితే ముందుది తన్నవచ్చు. తన్నే అలవాటున్న దాని తోకకు ఎర్ర రిబ్బను కడతారు. ఆ గుర్తు మన జనానికి తెలియదు కాబట్టి ఇక్కడ నోటితో చెప్పుకోవాల్సిందే. నడుస్తున్నవాళ్ళ పక్కనుంచి దౌడు తీయించకపోవడం కూడా గొప్ప నాగరికతేమీ కాదు. ఒక గుర్రం పరుగెడితే పక్కవీ పరుగెడతాయి, మందలో బతికిన జంతువు కదా. కొత్తవాడు ఎక్కి ఉన్న గుర్రం కూడా వాటితోపాటే పోతుంది.

పరాయి గుర్రానికి బిస్కెట్లు, పెళ్ళి లడ్డూలు పెట్టకూడదంటే పిసినారితనం అనుకుంటారు. గుర్రం వాంతి చేసుకోలేదు. పడనిది తింటే కడుపునొప్పిగా మారి ప్రాణం మీదికి వస్తుంది.

డెల్టాలో చేలకు కూడా మర్యాద ఉంది. సార్వా ఆకుమడుల కాలంలో, దాళ్వా కోతలముందు గుర్రం గట్టెక్కితే డెక్కల కింద గట్టు తెగి నీళ్ళు పోతాయి. రైతు కేకలేస్తే తప్పు రైతుది కాదు. రోడ్డు మీద వాహనంలాగే ఎడమపక్కన వెళ్ళడం, పేడ ఎత్తెయ్యడం సరేసరి. వాహనాలవాళ్ళకూ ఒక వంతు ఉంది. 2022లో సవరించిన బ్రిటన్ రహదారి నియమావళి, గుర్రాన్ని దాటేటప్పుడు గంటకు 16 కిలోమీటర్లకు మించకుండా కనీసం రెండు మీటర్ల ఎడం ఇవ్వమంటుంది. మన కాలువగట్టు రోడ్ల మీద ఆ రెండు మీటర్లు ఎక్కడివి? ఆగి, హారన్ కొట్టకుండా, గుర్రాన్ని పోనివ్వడమే మిగులుతుంది.

## గుర్రం పరుగు లంకించుకుంటే

"రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళమీద నడుస్తుంది" అనే సామెతను పట్టుకుని, పగ్గాలు గట్టిగా లాగి ఉంచాలని చాలామంది అనుకుంటారు. కళ్ళెపు ఇనుము గుర్రం నోట్లో పళ్ళులేని సందులో, నాలుక మీద, చిగుళ్ళ మీద ఆనుతుంది. బెదిరి పరుగెడుతున్నదాన్ని రెండు చేతులా లాగిపట్టి ఉంచితే నొప్పి పెరుగుతుంది, నొప్పినుంచి కూడా అది పారిపోతుంది. మనిషి బలంతో దాన్ని ఆపే లెక్కే లేదు. లాగడం, కాస్త వదలడం, మళ్ళీ లాగడం పనిచేస్తుందని శిక్షకులు చెబుతారు. ఒక పగ్గంతో తల తిప్పి గుండ్రంగా తిప్పుతూ వేగం తగ్గించాలని మరికొందరు. ఈ రెండోది మైదానంలో మంచి ఉపాయం. గట్టు మీద తిప్పే చోటు లేదు, పెద్ద వేగంలో తల తిప్పేస్తే గుర్రమే పడుతుంది. దూకెయ్యాలా, అంటిపెట్టుకుని ఉండాలా అన్నది ఇంకో తగాదా. ఎక్కువమంది నిపుణులు ఉండిపొమ్మనే అంటారు, గుర్రం అలిసి ఎలాగూ ఆగుతుంది కాబట్టి. ఎదర కాలువో, లారీలు తిరిగే రోడ్డో ఉంటే ఆ సలహా అక్కరకు రాదు.

ఎవరైనా పడిపోతే చుట్టూ ఉన్నవాళ్ళు చేసే మొదటి పని లేపి కూర్చోబెట్టి నీళ్ళు తాగించడం. మెడకు దెబ్బ తగిలి ఉంటే ఆ లేపడమే మెడ కింద ఒళ్ళంతా చచ్చుబడేలా చెయ్యగలదు. ఊపిరి ఆడుతున్నంతసేపు హెల్మెట్ తియ్యకుండా, తల కదలకుండా పట్టుకుని 108కి ఫోన్ చెయ్యడం మేలు. గుర్రం వెంట పరుగెడితే అది ఇంకా పరుగెడుతుంది. బకెట్లో ఉలవలు గలగలలాడిస్తే అదే వస్తుంది. చర్మం గీరుకున్న చిన్న గాయాన్ని కూడా తేలిగ్గా తీసుకోకూడదు. గుర్రపు పేడలోనూ, అది పడిన మట్టిలోనూ ధనుర్వాతం క్రిములుండే అవకాశం ఎక్కువ. తరచూ స్వారీ చేసేవాళ్ళు పదేళ్ళకోసారి టీకా వేయించుకుంటారు. ఆ జబ్బు గుర్రానికి మనకంటే తేలిగ్గా సోకుతుంది కాబట్టి దానికీ టీకా ఉంది.